ముతక జల్లెడ

బురదమ్మ చేసే పనికి ఒక దరిద్రం ఉంది. అది సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనప్పుడు మెచ్చుకోవడానికి ఎవరొస్తారు చెప్పండి? మంట ఆర్పినవాడికి దండలు వేస్తారు. మంట లేవకుండా చూసినవాణ్ణి మాత్రం, ఇన్ని నీళ్ళెందుకు వాడావని నిలదీస్తారు.

ఆమె చమురు బావులు తవ్వే రిగ్గు మీద మడ్ ఇంజనీరు. మడ్ అంటే బురదే, కాకపోతే పాళ్ళు చూసి కలిపిన బురద. నేలలో ఎంతో లోతున, గొట్టం కొసనున్న బిట్టు రాయిని కొరుకుతూ పోతుంటే, పంపులు ఆ మడ్‌ని గొట్టంలోంచి కిందికి తోస్తాయి. అది రాతి ముక్కల్ని మోసుకుని గొట్టం చుట్టూ ఉన్న సందులోంచి పైకి వస్తుంది. పైన షేకర్ మీద, అంటే గడగడలాడుతూ ఊగే జల్లెడల మీద, రాతి ముక్కలు నిలిచిపోతాయి. మడ్ ట్యాంకులోకి దిగి మళ్ళీ కిందికి పోతుంది. దానికి ఇంకో పెద్ద పనుంది. తన బరువుతో లోపలి గ్యాసుని అదిమి పట్టాలి. బరువు చాలకపోతే గ్యాసు పైకి తన్నుకొస్తుంది. ఎక్కువైతే రాయి పగిలి మడ్ అంతా ఆ పగుళ్ళలోకి పోతుంది, బావిలో మట్టం పడిపోతుంది, అప్పుడూ గ్యాసే వస్తుంది. ఎటు తిరిగినా ప్రాణం మీదికే.

ఆ పగుళ్ళలోకి మడ్ పోకుండా చూడటం బురదమ్మ పని. పోయాక ఆపడం వేరే విద్య, దానికి చేయి తిరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈమెది పోకముందు చేసే పని. గింజల పెంకులు దంచిన నలక, పాలరాతి రవ్వ, కాస్త పీచు, ఇవన్నీ ముందే మడ్‌లో కలిపి తిప్పుతుంది. రాయి సన్నగా చిట్లగానే ఆ నలక వెళ్ళి చిట్లిన నోట్లో ఇరుక్కుంటుంది, పగులు అక్కడితో ఆగిపోతుంది. షరతు ఒక్కటే, రాయి చిట్లే వేళకి నలక మడ్‌లో ఉండి తీరాలి. అలా ఉండాలంటే షేకర్ మీద ముతక జల్లెడలు వేయాలి. సన్నవి వేస్తే రాతి ముక్కలతో పాటు ఆమె కలిపిన నలకంతా చెత్తలోకి పోతుంది. ఈ చేత్తో వేసి ఆ చేత్తో పారబోసినట్టే.

బురదమ్మ అనే పేరు పెట్టింది ఆమె మరిది. పెట్టినప్పుడు ముద్దుగానే పెట్టాడు లెండి. ఆమె కాపురానికి వచ్చేసరికి అతను నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నాడు. లెక్కల్లో తప్పితే తల్లి చేతిలో తన్నులు తప్పించి, వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి లెక్కలు నేర్పింది వదినే. పెద్దయ్యాక, ఏ పనీ కుదరక వీధి చివర నిలబడి వచ్చేపోయేవాళ్ళ మీద జోకులు వేస్తుంటే, వెంటపడి రిగ్గు పనిలో పెట్టించిందీ ఆమే. ఇంట్లో అతన్ని చిన్నోడనే పిలుస్తారు. ఆ చిన్నోడు ఇప్పుడు రిగ్గు ఇన్‌ఛార్జి. నలుగురిలో ఆమెని మేడమ్ అంటాడు, క్యాబిన్ తలుపు మూశాక వదినా అంటాడు. రిగ్గు మీద తనవాడొకడున్నాడు అనుకునేది ఆమె. పిచ్చిది.

రిగ్గుకి రాకముందు ఆమె ఏళ్ళకేళ్ళు ల్యాబులో పనిచేసింది. ఆఫీసు కింది అంతస్తులో కిటికీ లేని గది. ఎక్కడో తవ్వే బావుల నుంచి సీసాల్లో మడ్ వచ్చేది. ఆమె దాన్ని తూచి, కాచి, చిక్కదనం చూసి ఓ కాగితం ముక్క పైకి పంపేది. ఆ బావి ఎలా ఉందో, ఆమె మాట ఎవరైనా విన్నారో లేదో చెప్పే దిక్కుండేది కాదు. రిగ్గుకి పంపమని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది. ఆడవాళ్ళకి అక్కడ ఇబ్బందమ్మా అని ఒకరు, వచ్చే ఏడాది చూద్దాంలెమ్మని ఇంకొకరు. ఆఖరికి ఎలాగో పంపారు. మొదటి రోజున షేకర్ మెట్లెక్కి, వెచ్చటి మడ్‌ని దోసిట్లోకి తీసుకున్నప్పుడు ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి. సీసాలో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. ఇది ఇప్పుడే రాయిని తాకి వచ్చింది.

ఆమె చూసిన బావుల్లో మడ్ పోలేదు. ఒక్కటంటే ఒక్కదాంట్లోనూ పోలేదు. మేనేజరు రిగ్గుకి వచ్చి, గోడవారగా పేర్చిన ఖాళీ బస్తాలు చూసి మొహం చిట్లించాడు.

"ఏమీ జరగలేదుగా. మరి ఇన్ని బస్తాలు ఎందుకు తగలేసినట్టు?"

"అవి వేశాం కాబట్టే ఏమీ జరగలేదు సార్."

ఆమె జోకు వేసినట్టు నవ్వాడతను. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు, చిన్నోడితో సహా. నవ్వు అయ్యాక మేనేజరు గొంతు మార్చాడు.

"తర్వాతి బావి సంగతి తెలుసుగా. మధ్యలో పాత పొర తగులుతుంది. అక్కడ మడ్ పోయిందా, మీరు మళ్ళీ ల్యాబుకే. వంకలు మాత్రం చెప్పొద్దమ్మా."

పాత పొర అంటే చుట్టుపక్కల బావులన్నీ ఏళ్ళ తరబడి పీల్చేసిన ఇసుకరాయి. లోపల సత్తువ లేదు, కాస్త బరువు పడితే చిట్లుతుంది. దాని పైనా కిందా మాత్రం గ్యాసు పొంచి ఉంది, కాబట్టి బరువు తగ్గించడానికి లేదు. ఇలాంటి చోట ముందుగా నలక కలిపి తీరాలి, వేరే దారి లేదు. బురదమ్మ ఆ బావి కోసం ల్యాబులో పాళ్ళు మార్చి మార్చి చూసింది. ఇంట్లో అన్నం తింటున్నా ధ్యాసంతా దాని మీదే. భర్తకి కళ్ళద్దాల షాపు. "ఏమిటే, కంచంలో కూడా రవ్వలు ఏరుతున్నావు?" అని ఆయన ఆటపట్టించాడు. ఆమె నవ్వేసింది. ఈ బావి గట్టెక్కితే తనని రిగ్గు మీంచి ఎవరూ కదపలేరు. గట్టెక్కకపోతే కిటికీ లేని గదే గతి.

పాత పొర దగ్గర పడుతుండగా క్యాబిన్లో పొద్దుటి మీటింగు పెట్టారు. ఆమె చెప్పాల్సింది చెప్పింది. ముతక నలక ఇంత, సన్నది ఇంత, షేకర్ మీద ముతక జల్లెడలు.

చిన్నోడు కుర్చీలో ఒరిగి పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు. "ముతకది వేస్తే టూలు మూసుకుపోతుంది మేడమ్."

టూలంటే బిట్టు వెనకాలే ఉండే కొలతల పరికరం. దాని సన్న దారుల్లో నలక ఇరుక్కుంటే పనిచేయదు. అప్పుడు మొత్తం గొట్టాలు పైకి లాగి, మార్చి, మళ్ళీ దింపాలి. కిందటి బావిలో అలాగే జరిగింది, తిట్లన్నీ చిన్నోడికే పడ్డాయి. అతని భయంలో అబద్ధమేమీ లేదు. దానికి తోడు లోతు బావుల రిగ్గుకి కొత్త ఇన్‌ఛార్జి కావాలని వెతుకుతున్నారు. చకచకా తవ్వేవాడికే అది. ముతక జల్లెడ వేస్తే రాతి పొడి కూడా మడ్‌లోనే ఉండిపోయి చిక్కబడుతుంది, తవ్వకం నెమ్మదిస్తుంది. ఇదంతా ఆమెకీ తెలుసు.

"టూలులోంచి జారిపోయే సైజు చూసే ఎంచాను. కిందటిసారి వేసింది ఇది కాదు. నెమ్మదిగా వెళ్దాం. ఆ పొర దాటాక మీ ఇష్టం."

వాదిస్తాడనుకుంది. ఏ మాటకి ఏ జవాబో మనసులో సిద్ధం చేసుకుంది కూడా. అతను పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు.

"సరే మేడమ్. మీరు చెప్పినట్టే."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానపడాల్సింది. బయటివాడైతే పడేదే.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె మిక్సింగ్ తొట్టి దగ్గర నిలబడి, బస్తా తర్వాత బస్తా కలిపించింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ మీద పొడి పేరుకుని తెల్లగా అట్ట కట్టింది. ఆమెకో అలవాటు ఉంది. బిట్టు ఇలాంటి పొరలోకి దిగబోయే ముందు తప్పకుండా షేకర్ మెట్లెక్కుతుంది. జల్లెడలు కళ్ళారా చూసి, కిందికి దిగే మడ్ కాస్త గుప్పిట్లోకి తీసుకుని వేళ్ళ మధ్య నలుపుతుంది. నలక చేతికి గరుగ్గా తగలాలి. అది తగిలితేనే "దించండి" అంటుంది. కూలీలు వెనకాల నవ్వుకునేవారు, ఇంట్లో పప్పు నలిపినట్టు నలుపుతుందని. నవ్వుకోనీ అనేది.

ఆ రోజు నడుం పట్టేసింది. క్యాబిన్ గుమ్మం దగ్గర ఇనప మెట్టు మీద కాసేపు కూలబడింది. చిన్నోడు రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"కూర్చో వదినా. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."

"షేకర్ చూసి రావాలిరా."

"నేను చూసొస్తాలే. నువ్వు టీ తాగు. చల్లారిపోద్ది."

వెళ్ళాడు. ఆమె టీ తాగింది. ఎంత హాయిగా తాగిందో తల్చుకుంటే తర్వాత్తర్వాత కూడా ఆమెకి ఒళ్ళు మండేది. మరిది తెచ్చిన టీ, చుట్టూ పంపుల చప్పుడు, నడుముకి గోడ ఆనుడు. ఎంత ఎదిగాడు అనుకుంది. అతను తిరిగొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ముతకవే ఉన్నాయి. చేత్తో నలిపి కూడా చూశా. గరుగ్గా ఉంది."

ఆ నలిపి చూశానన్న మాట దగ్గరే ఆమె పూర్తిగా బుట్టలో పడిపోయింది. అది ఆమె పద్ధతి, ఆమె మాట. దాన్ని ఆమెకే తిరిగి అప్పజెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, "సరే, దించండి" అంది.

బిట్టు పొరలోకి దిగిన కాసేపటికి ట్యాంకు మట్టం పడటం మొదలైంది. ముందు కొంచెం. కొలిచే కుర్రాడు పొరపాటు పడ్డాడేమోనని ఆమె స్వయంగా చూసింది. పొరపాటు కాదు. పంపు తోస్తున్నంత మడ్ పైకి రావడం లేదు. తర్వాత సగమే వచ్చింది. ఆ తర్వాత గొట్టం చుట్టూ సందులోంచి చుక్క రాలేదు. షేకర్ ఉత్తినే ఊగుతోంది.

బురదమ్మ ట్యాంకు మీదికి వంగింది. నలక అంత ఉండగా ఇలా పోదు. పోకూడదు. ట్యాంకులోని మడ్ గుప్పిట్లోకి తీసుకుని నలిపింది. వెన్నలా మెత్తగా ఉంది. ఒక్క రవ్వ లేదు.

అప్పుడే గ్యాసు సైరన్ మోగింది. ఇక ఎవరేమన్నారో గుర్తుపెట్టుకునే వ్యవధి ఎవరికీ లేదు. బావి మూత బిగించారు, పనిలేనివాళ్ళని దూరంగా తరిమేశారు. ఆమె ఉన్న సరుకంతా తొట్టిలో వేయించి, గంజిలా చిక్కటి ముద్ద చేసి కిందికి తోయించింది. అది ఇరుక్కోలేదు. ఇంకోటి తోయించింది. ఎలాగో మట్టం నిలబడింది, గ్యాసు అణిగింది. మనుషులకి ఏమీ కాలేదు. గొట్టాలు మాత్రం లోపలే పట్టేసి, ఎంత లాగినా రాలేదు. మూసుకుపోతుందని చిన్నోడు భయపడ్డ ఆ టూలు శాశ్వతంగా భూమిలోనే ఉండిపోయింది.

అన్నీ సద్దుమణిగాక ఆమె షేకర్ మెట్లెక్కింది. అంతకు ముందే ఎక్కాల్సిన మెట్లు. జల్లెడలన్నీ సన్నవే. కింద చెత్త తొట్టిలో, రాతి ముక్కల మధ్య, ఆమె పొద్దుట్నుంచీ కలిపిన పెంకుల నలక కుప్పగా పడి ఉంది.

అక్కడ పనిచేసేవాణ్ణి జల్లెడాయన అంటారు. నడి వయసు మనిషి, ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"ముతకవి ఎందుకు వేయలేదు?"

"వేశానమ్మా. పొద్దున వేశాను. ఇన్‌ఛార్జిగారొచ్చి తీయించేశారు. సన్నవే పెట్టు, మేడమ్‌కి నేను చెప్తాలే అన్నారు." ఆమె మొహం చూసి ఆగాడు. "చెప్పలేదామ్మా?"

చెప్పకేం, చెప్పాడు.

విచారణ ఆఫీసులో పెట్టారు. దానికి ముందు రోజు ఇంట్లోనే ఒక విచారణ జరిగింది. వీళ్ళది పై అంతస్తు ఇల్లు, ఇరుకు మెట్లు, గుమ్మంలోనే చెప్పులు. వంటింట్లో నలుగురు నిలబడితే ఐదోవాళ్ళకి చోటుండదు. ఆ నలుగురూ ఉన్నారు, ఆమె, భర్త, అత్తగారు, చిన్నోడు. జల్లెడాయన పొరపాటున సన్నవి పెట్టాడని చెబుతానని చిన్నోడు అప్పటికే అందరికీ చెప్పేశాడు. ఆమె నోరు మెదపకుంటే చాలట.

అత్తగారు స్టవ్ ఆర్పి, కొంగుకి చేతులు తుడుచుకుంది. "వాడు చేసింది తప్పే అనుకో. కడుపులో పెట్టుకోలేవా? నీ చేతుల మీద పెరిగినవాడు."

"పెట్టుకుంటాను అత్తయ్యా. నా ఒక్కదాని సంగతే అయితే పెట్టుకుందును. మరి ఆ జల్లెడాయన?"

భర్త కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడల్లా ఆయన అదే పని చేస్తాడు. "ఆయన మనకేమవుతాడు?"

"ఏమీ అవడు. అందుకేగా అందరూ కలిసి ఆయన మీదికి తోస్తున్నారు."

చిన్నోడు ఫ్రిజ్‌కి ఆనుకుని నేల చూస్తున్నాడు. "వదినా, నువ్వు అడిగినట్టు చేస్తే టూలు మూసుకుపోయేది. కిందటిసారి తిట్లు తిన్నది నేను. నువ్వు కాదు."

"అయితే వేయనని నా మొహం మీదే చెప్పాల్సింది."

"చెప్తే వింటావా?"

"వినను. పోట్లాడతాను. నా ఉద్యోగమే అది. పోట్లాడి, అప్పటికీ నువ్వు వద్దంటే బిట్టు దించొద్దని రాసిచ్చేదాన్ని. నువ్వు నాకా అవకాశం కూడా ఇవ్వలేదురా. టీ ఇచ్చావు."

అతను తలెత్తలేదు. ఏడుస్తాడేమో అనిపించింది ఒక్క క్షణం. లెక్కలు తప్పినప్పుడు గట్టు మీద కూర్చుని ఇలాగే తల దించుకునేవాడు. ఆమెకి జాలి వేసింది కూడా. అబద్ధమెందుకు, వేసింది. అతని జుట్టులో చెయ్యి పెట్టి నిమరబుద్ధేసింది. అంతలో అతనే అన్నాడు.

"నాకా లోతు బావి రిగ్గు రాకుండా చేయకు వదినా. అంతే."

మడ్ పోవడం గురించి కాదు, సైరన్ గురించి కాదు, రిగ్గు మీదున్న ప్రాణాల గురించి అసలు కాదు. ఆమె జాలి అక్కడితో సరి. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

మేనేజరు గదిలో పెద్ద బల్ల, బల్ల మీద అద్దం. జల్లెడాయన తలుపు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. చిన్నోడు అనుకున్నట్టే చెప్పాడు. ముతకవే పెట్టమన్నాను సార్, ఇతనే పెట్టలేదు అన్నాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. తమరే కదా సార్ తీయించారు అని జల్లెడాయన ఒకసారి అన్నాడు. పనివాళ్ళు తప్పు చేసి పైవాళ్ళ మీద తోయడం మామూలేగా అన్నాడు మేనేజరు. దాంతో ఆయన నోరు మూసుకుని బురదమ్మ వైపు చూశాడు. వేరే ఎవరి వైపూ చూడలేదు.

ఆమె చెప్పేసింది. టీ సంగతి, నలిపి చూశానన్న మాట, చెత్త తొట్టిలో నలక కుప్ప, అన్నీ. మెట్లెక్కకపోవడం తన తప్పేనని కూడా చెప్పింది.

చిన్నోడు కోప్పడతాడనుకుంది, బుకాయిస్తాడనుకుంది. అతను మెల్లిగా నిట్టూర్చాడు, ఎంతో బాధపడుతున్నవాడిలా.

"ఎలా చెప్పాలో తెలియట్లేదు సార్. మా ఇంట్లో కొన్నాళ్ళుగా గొడవలు. వదినకి నా మీద కోపం. నేనేం అననులెండి. నన్ను పెంచిన మనిషి."

మేనేజరు మొహం వెలిగింది. అవును, వెలిగింది. రిగ్గు ఇన్‌ఛార్జి అబద్ధమాడి బావిని పోగొట్టాడంటే, ఆ ఇన్‌ఛార్జిని పెట్టినవాడెవడని పైనుంచి అడుగుతారు. వదినా మరుదుల తగాదా అంటే ఎవరూ ఏమీ అడగరు.

"అర్థమైంది. అమ్మా, ఇంటి గొడవలు ఆఫీసుకి తేకూడదు. చదువుకున్నవారు మీకు చెప్పాలా?"

"ఇంట్లో గొడవేమీ లేదు సార్. నిన్నటిదాకా లేదు."

"నిన్న ఉందిగా మరి," అన్నాడు మేనేజరు. చుట్టూ కూర్చున్నవాళ్ళు బల్ల మీదికి వంగి నవ్వు ఆపుకున్నారు.

అంతే. జల్లెడాయన్ని పనిలోంచి తీసేశారు. ఒకే ఇంటివాళ్ళు ఒకే రిగ్గు మీద ఉండటం మంచిది కాదని బురదమ్మని ల్యాబుకి మార్చారు. చిన్నోణ్ణి ఏం చేశారంటే, గ్యాసు తన్నుకొచ్చినప్పుడు ధైర్యంగా బావి మూత బిగించినందుకు నలుగురి ముందూ మెచ్చుకున్నారు. లోతు బావి రిగ్గు అతనికే ఇచ్చారు. మంట ఆర్పినవాడు మరి.

అతను పెట్టె సర్దుకుని వెళ్ళిన రోజు అత్తగారు మెట్ల దాకా దిగి, ఏడ్చి, పైకొచ్చి తలుపేసుకుంది. ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. కూర ఎలా ఉందో ఎవరూ అనరు, ఉప్పు ఎక్కువైనా తినేసి లేస్తారు. భర్త షాపు నుంచి రోజూ ఆలస్యంగా వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. ఒకసారి ఆమె ఉండబట్టలేక అడిగేసింది, నేను చెప్పింది అబద్ధమా అని. నిజమేలే, కానీ ఏం ఒరిగింది అన్నాడాయన. ఏం ఒరిగింది? ఆమె లేచి గిన్నెలు కడిగింది.

జల్లెడాయన ఒకసారి వీధిలో కనిపించాడు. కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఇసుక జల్లిస్తున్నాడు. ఆమె ఆగింది. ఆయనే నవ్వాడు.

"ఇక్కడ నయమమ్మా. ఏ జల్లెడ వాడాలో చెప్పడానికి మేస్త్రీ ఒక్కడే."

"ఆఫీసులో నేను ఉన్నదున్నట్టు చెప్పాను, మీరు విన్నారుగా," అంది, ఆయన అడగకుండానే.

"విన్నానమ్మా. మంచి చెవి అటువైపే ఉంది ఆ రోజు." జల్లెడ ఎత్తి రాళ్ళు పక్కకి దులిపాడు. "వెళ్ళండి, దుమ్ము పడుద్ది."

చిన్నోడి ఫోను ఒక మధ్యాహ్నం ల్యాబుకి వచ్చింది. ఇంటికి కాదు, ల్యాబుకి. వెనకాల పంపులు మోగుతున్నాయి. ఆ చప్పుడు వినగానే ఆమె చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. రిగ్గు మీద ఉన్నట్టే అనిపించింది.

"వదినా, బాగున్నావా?"

"చెప్పు."

"ఇక్కడా అదే పాత పొర వచ్చేట్టుంది. మా మడ్ ఇంజనీరు ఇదంతా ఎప్పుడూ చేసినవాడు కాదు. ఆ పాళ్ళు నువ్వైతే..." నీళ్ళు నమిలాడు. "రేపు దిగుతున్నాం."

ఫోను పెట్టేయొచ్చు. పెట్టేసే హక్కు ఆమెకి నూటికి నూరుపాళ్ళూ ఉంది. తెలియదని ఒక్క మాట అంటే చాలు, మళ్ళీ మట్టం పడుతుంది, ఈసారి వదిన లేదు, జల్లెడాయన లేడు, మీదికి తోయడానికి. ఆ ఆలోచన వచ్చింది ఆమెకి, రాలేదని ఎవరంటారు? కాసేపు దాన్ని పట్టుకుని కూర్చుంది కూడా. అవతల సైరన్ మోగితే పరిగెత్తాల్సినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆమెకి టీ ఇచ్చి అబద్ధమాడలేదు.

"రాసుకో," అంది.

పాళ్ళు చెప్పింది. ఏ సైజు ఎంత, ఏది ముందు ఏది వెనక, టూలు మూసుకుపోకుండా పంపు ఎంత వేగంతో తిప్పాలో కూడా చెప్పింది. అతను రాసుకుంటూ, పెద్ద పరీక్షకి చదివేవాడిలా ప్రతిదీ రెండోసారి అప్పజెప్పాడు. ముతక జల్లెడల గురించి ఆమె చెప్పకముందే, వేయించానని గబగబా అన్నాడు.

"ఇంకేమైనా ఉందా వదినా?"

"ఉంది. బిట్టు దించే ముందు షేకర్ మెట్లు నువ్వే ఎక్కు. మడ్ గుప్పిట్లోకి తీసుకుని నువ్వే నలిపి చూడు. నేను చూసొచ్చానని ఎవడైనా అంటే నమ్మకు." ఆగింది. "నీవాడైతే అసలు నమ్మకు."

పంపుల చప్పుడు మధ్య సరే వదినా అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి, సగంలో ఆపిన సీసా మూత తీసింది.

వారం తిరిగాక ఒక సాయంత్రం, ఆమె మెట్లెక్కి వచ్చేసరికి అత్తగారు ఫోను మాట్లాడటం ముగించి కుర్చీలో కూర్చుని ఉంది. మొహం విప్పారి ఉంది. ఎన్నాళ్ళకో కోడలితో తనంతట తాను మాట కలిపింది.

"చిన్నోడు ఫోను చేశాడు. ఆ పాత పొరేదో దాటేశారట. ఏమీ జరగలేదట. చుక్క పోలేదట." కళ్ళు ఒత్తుకుంది. "చూశావా? వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు."

బురదమ్మ చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"అవును అత్తయ్యా," అంది. "ఏమీ జరగలేదు."